మాయారూప శృంగార కథలు: సమ్మతి, గాయం

గంధర్వులో దేవతలో రాక్షసులో వేరొకరి రూపు ధరించి, కోరినవారిని చేరే కథలను మాయారూప శృంగార కథలు అనవచ్చు. నేటి పాఠకులు ‘పారానార్మల్ డార్క్ రొమాన్స్’ అంటున్న నవలలకు ఇవి ముందుతరం. నాయిక ఒప్పుకుందా, ఆమెకు తగిలిన గాయాన్ని కథ పట్టించుకుందా అని ఈ నవలల విషయంలో ఇప్పుడు అడుగుతున్నారు. తెలుగులో ఆ ప్రశ్నలకు అత్యుత్తమ ఉదాహరణ అల్లసాని పెద్దన మనుచరిత్ర.

కథకు మూలం మార్కండేయ పురాణం. దాన్ని తెనిగించినవాడు తిక్కన శిష్యుడు మారన. కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు కథ పెద్దన చేతికి వచ్చింది.

పెద్దన కావ్యానికి నెల్లూరు జిల్లా పడమటి సీమతో సంబంధం ఉంది. ఆత్మకూరుకు వాయవ్యాన ఉన్న ఉదయగిరి దుర్గం అప్పట్లో గజపతులది. పెద్దన ఏలిక శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో కోటను పట్టాడు. గజపతి బంధువు తిరుమల రాహుత్తరాయడు చెరచిక్కాడు. కోటలోని బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించారు. రాయల దిగ్విజయాన్ని చెప్పే మనుచరిత్ర పద్యం ఉదయాచలంతోనే మొదలవుతుంది. కళింగ యుద్ధాలు ముగిశాక ప్రతాపరుద్ర గజపతి తన కూతురిని రాయలకిచ్చి సంధి చేసుకున్నాడు. ఆమె పేరు అన్నపూర్ణా, జగన్మోహినా, తుక్కా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. ఇష్టాయిష్టాల మాట ఇక చెప్పేదేముంది! భర్త ఆదరణ లేక ఆమె కంభంలో ఉండిపోయిందని, ‘తుక్కా పంచకం’ అనే సంస్కృత శ్లోకాలు ఆమెవేనని జనశ్రుతి.

ఆరు ఆశ్వాసాల మనుచరిత్రలో మొదటి నిరాకరణ మగవాడిదే. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, మంచుకు పసరు కరిగిపోయి అక్కడే చిక్కుకుంటాడు. దారి అడిగితే వరూధిని వలపు వినిపిస్తుంది. వద్దంటే వాదిస్తుంది, ఏడుస్తుంది, చివరికి మీద పడి కౌగిలిస్తుంది. అతను ఆమెను తోసేసి, అగ్నిదేవుణ్ని ప్రార్థించి ఇల్లు చేరతాడు. ఒక మగవాడు ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాటకు ఇంత చోటిచ్చిన ప్రబంధం మరొకటి కనిపించదు. ఆ తోపుకు వరూధిని పడిన బాధను కూడా పెద్దన అంతే శ్రద్ధగా రాశాడు.

రెండో ఘట్టంలో పాత్రలు తారుమారవుతాయి. వరూధిని ఒకప్పుడు కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆమె ప్రవరుడే అనుకుని సంతోషంగా ఒప్పుకుంటుంది. సంగమ వేళ కళ్లు మూసుకోవాలని గంధర్వుడు షరతు పెట్టినట్టు పురాణం చెబుతుంది. మోసం బయటపడకుండా వేసుకున్న ముందుజాగ్రత్త ఇది. ఆమె మనసులో ప్రవరుడి తేజస్సే ఉండటం వల్ల పుట్టిన స్వరోచి అంత కాంతిమంతుడయ్యాడట. గంధర్వుడు వెళ్లిపోగానే కథ స్వరోచి వెంట నడుస్తుంది, వరూధిని వెనకబడిపోతుంది. రెండో మనువు పుట్టుక చెప్పాల్సిన కథకు ఆమె అవసరం అంతటితో తీరిపోయింది.

గాయానికి మందు ఉత్తరభాగంలో దొరుకుతుంది, అయితే అది వేరే స్త్రీల గాయానికి. శాపం పాలై రాక్షసుడు తరుముతుండగా మనోరమ స్వరోచి కంట పడుతుంది. రాక్షసుడు ఆమె తండ్రి ఇందీవరాక్షుడే. శాపం తీరి, కూతుర్ని స్వరోచికి ఇస్తానంటాడు. తన చెలికత్తెలు రోగాలతో కుములుతుంటే తాను సుఖపడలేనని మనోరమ అంటుంది. మామగారు ఇచ్చిన ఆయుర్వేద విద్యతో స్వరోచి వాళ్లకు నయం చేస్తాడు. తోటివారి బాధ తీరేదాకా పెళ్లి సంబరాన్ని ఆపిన ఈ నాయికకు విమర్శకులు ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

అదే శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఈ ఇతివృత్తాన్ని చిక్కుముడిగా అల్లాడు. మణికంధరుడు నలకూబరుడి రూపంలోనూ, కలభాషిణి రంభ రూపంలోనూ ఉండి కలుస్తారు. ఇద్దరూ మోసగాళ్లే, ఇద్దరూ మోసపోయినవాళ్లే.

తర్వాతి రెండు శతాబ్దాల్లో మధుర, తంజావూరు కొలువుల శృంగార కావ్యాలు వచ్చాయి. అహల్య, ఇంద్రుల కథ చెప్పే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి అహల్యా సంక్రందన విలాసం వాటిలో ఒకటి.

మనుచరిత్రను సి.పి. బ్రౌన్ జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో 1851లో అచ్చు వేయించాడు. తొమ్మిదేళ్లకు, 1860లో వచ్చిన భారతీయ శిక్షాస్మృతి 375వ సెక్షన్, భర్తనని నమ్మించి స్త్రీని కూడటం అత్యాచారమేనంది. అపోహలో ఇచ్చిన ఒప్పుకోలును ఒప్పుకోలుగా లెక్కించరాదని 90వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ రెండు నియమాలనూ 63, 28 సెక్షన్లలో ఉంచింది. వరూధిని ప్రవరుణ్ని పెళ్లాడలేదు కనుక మాయా ప్రవరుడి వ్యవహారంలో రెండో నియమమే ఎక్కువ పనికివస్తుంది.

బి.వి. రామానందం తీసిన ‘వరూధిని’ (1947) సినిమాలో ప్రవరుడిగా ఎస్.వి. రంగారావు తెరకు పరిచయమయ్యాడు. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలతో చేతబడి కథలు ఇంటింటికీ చేరాయి. విమర్శకులు వాటిని ‘క్షుద్ర సాహిత్యం’ అని తిట్టింది మూఢనమ్మకాల గురించే ఎక్కువ. కోడి రామకృష్ణ ‘అరుంధతి’ (2009)లో స్త్రీలను చెరిచే పశుపతి చచ్చి ప్రేతమైనా ప్రతినాయకుడిగానే మిగిలాడు. అటువంటివాణ్నే నాయకుడిగా నిలబెట్టి పాఠకురాలి చేత వలపింపజేయడం డార్క్ రొమాన్స్ ప్రత్యేకత.

2010లో ‘విముక్త’ కథా సంపుటి వచ్చింది. అందులోని ‘మృణ్మయనాదం’లో ఓల్గా అహల్య చేత మాట్లాడించింది. భర్త గౌతముడి రూపంలో వచ్చినవాడు ఇంద్రుడని ఆమెకు తెలుసా అన్న లోకం ప్రశ్నను, అలా అడిగే హక్కు ఎవరిదన్న వైపుకు ఆ కథ మళ్లించింది. ఈ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లిషు అనువాదంతో మనుచరిత్ర మూర్తి క్లాసికల్ లైబ్రరీలో వెలువడింది.

ఇంగ్లిషు డార్క్ రొమాన్స్ నవలల్లో, లోపల ఎలాంటి హింస ఉందో మొదటి పేజీల్లోనే చెప్పే అలవాటు ఏర్పడింది. తెలుగులో ఈ తరహా ధారావాహికలు ఇప్పుడు ప్రతిలిపి వంటి యాప్‌లలో వస్తున్నాయి. బలవంతపు పెళ్లితో మొదలై ప్రేమతో ముగిసే కథలకు అక్కడ చదువరులు ఉన్నారు.