దుబాసీ పెట్టె

ఎర్రగుంట్ల ప్రాంతంలో ఒక సిమెంటు కర్మాగారంలో పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకడు సంక్రాంతికి వచ్చినప్పుడు, పాతబడి తీసివేసిన చిన్న పెట్టెనొకదానిని చూపి, "అయ్యవారూ, దీన్ని గేట్‌వే అంటారు. తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు.

చక్రాయపేట వాడిని గనుక నాకు వెంటనే మా మండలంలోని గండి స్ఫురించింది. పాపఘ్ని కొండల నడుమ దారి చేసికొని పారే చోటది. "గండి అందాం" అన్నాను. "గండిలో ఈవల చొచ్చిన నీరే ఆవల వస్తుంది. దీనిలో ఈవలి మాట ఆవలికి వేరే భాషలో పోతుంది గదా" అన్నాడు. వాడిదే సబబు. కుంఫిణీ కాలపు దుబాసీ శబ్దమే దీనికి తగినది.

ఈ దుబాసీ అవసరమెట్లా కలిగింది? మన జిల్లాలోనే కలమల్ల వద్ద రాయలసీమ తాప విద్యుత్ కేంద్రపు తొలి యూనిట్ 1994లో 210 మెగావాట్లతో ఆరంభమైనది. 2018లో 600 మెగావాట్ల ఆరవ యూనిట్ చేరి మొత్తం 1650 మెగావాట్లయింది. ఇటువంటి కేంద్రాలలో ఉష్ణాన్నీ పీడనాన్నీ కొలిచే సాధనాలకు లెక్కలేదు. పూర్వపద్ధతిలో ఒక్కొక్క సాధనానికి ఒక్కొక్క తీగల జత. అందులో 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు కొలతను తెలిపేది. కనిష్ఠం సున్న కాక 4 ఎందుకంటే, తీగ తెగితేనే సున్న వస్తుంది. సాధనం తక్కువ చెప్పడానికీ, మూగబోవడానికీ భేదం తెలియాలన్న ఆ యుక్తి నాకు మిక్కిలి నచ్చింది.

తరువాత ఒకే తీగల జతపై పలు సాధనాలు వంతులవారీగా మాట్లాడే పద్ధతి వచ్చింది. దానినే బస్ అన్నారు. అమెరికాలోని మోడికాన్ సంస్థ 1979లో మోడ్‌బస్‌ను ప్రకటించింది. జర్మనీలో బాష్ సంస్థ క్యాన్‌ను 1986లో లోకానికి చూపగా, ప్రొఫీబస్‌కు 1987లో నాంది పడింది. అన్నిటికీ ఒకే ప్రమాణం కుదర్చాలని అంతర్జాతీయ సంఘం ఏళ్ల తరబడి వాదించి, 2000 నాటికి ఎనిమిది రకాలను ఒకే గ్రంథంలో చేర్చి సరిపుచ్చుకొన్నది! ఇంతమంది వ్యాకర్తలు ఒక సూత్రంపై ఏకీభవించరని మా పండితులకు తెలియనిదా? ఆ అనైక్యతకు మూల్యమే ఈ పెట్టె.

ఒక వైపు ఆర్.ఎస్. 485 తీగ, మరొక వైపు కంప్యూటరుకు పోయే ఈథర్‌నెట్. కంప్యూటరు నుండి వచ్చిన ప్రశ్న పైతొడుగును విప్పి, చివర తప్పొప్పుల సరిచూపు సంఖ్యను తగిలించి, తీగపైకి పంపుతుంది. జవాబు రాగానే తిరిగి తొడుగు తొడుగుతుంది. మోడ్‌బస్‌లో ఒక గడిలో 65,535 వరకే పడుతుంది. పెద్ద సంఖ్యకు రెండు గడులు కావాలి. ఏ గడి ముందన్నదానిపై తయారీదారులకు ఏకాభిప్రాయం లేదు. తారుమారైతే 1 కాస్తా 65,536 అవుతుంది. శాసనాలలో భూతసంఖ్యలను కుడినుండి ఎడమకు చదవాలని తెలియని వాడు నేత్రవేదములను 42 అనక 24 అన్నట్లే!

ఇంతకన్న పెద్ద చిక్కు వేరే ఉన్నది. మోడ్‌బస్ నాలుగు గోడల మధ్య పుట్టిన భాష. అడిగినవాడెవడని అది అడగదు, సంకేతపదం లేదు. గదిలో ఉన్నంతకాలం ఆ విశ్వాసం చెల్లింది. 1999లో ఈథర్‌నెట్‌పై మోడ్‌బస్ విధానం వెలువడిన పిదప అదే విశ్వాసం గడప దాటింది. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో దుండగులు వేడినీటి సరఫరాను నియంత్రించే యంత్రాలకు మోడ్‌బస్ ఆజ్ఞలే పంపారు. గడ్డకట్టే చలిలో ఆరువందలకు పైగా నివాస భవనాలకు సుమారు రెండు రోజులు వెచ్చదనం కరవైంది. పంపినవాడు శత్రువైనా ఆజ్ఞ వ్యాకరణశుద్ధంగానే ఉన్నది మరి.

"మరి మీ దుబాసీ మాటేమిటి?" అని అడిగాను. మోడ్‌బస్‌లో ప్రతి పనికీ ఒక సంఖ్య ఉంటుందట. గడిని చదవడానికి 3, వ్రాయడానికి 6, 16. కొత్త పెట్టెలో చదివే సంఖ్యలను మాత్రం రానిచ్చి, వ్రాసే సంఖ్యలన్నిటినీ ఆపివేశారట. ఆవలివారు అడిగి తెలుసుకోగలరేగాని, ఆజ్ఞాపించి చేయించలేరు. అంతవరకు చెప్పి, బస్సుకు వేళయిందని పాత పెట్టెను సంచిలో వేసికొని లేచాడు.