వాహనదారుల అంతర్జాతీయ సంఘాలు, పూరీ గేట్ దారి

సొంత వాహనం మీద ఊళ్లు, దేశాలు తిరిగేవాళ్ల తరఫున ప్రభుత్వాలతో మాట్లాడే జాతీయ క్లబ్బులు కలిసి పెట్టుకున్న సమాఖ్యలే వాహనదారుల అంతర్జాతీయ సంఘాలు. వీటిలో చెప్పుకోదగ్గవి రెండు. పర్యాటక క్లబ్బుల సమాఖ్య అలయాన్స్ ఇంటర్నేషనల్ ద టూరిజ్మ్ (ఏఐటీ) మొదటిది. మోటారు క్లబ్బుల సమాఖ్య ఫెడరేషన్ ఇంటర్నేషనల్ ద లోటోమొబిల్ (ఎఫ్‌ఐఏ) రెండోది. ఎఫ్‌ఐఏ పేరు వినగానే మనవాళ్లకు ఫార్ములా వన్ పందేలు గుర్తొస్తాయి. అది ఆ సంస్థ పనిలో ఎక్కువగా కనబడే భాగమే గాని, మామూలు ప్రయాణికుడికి పనికొచ్చే భాగం కాదు. ఈ సంఘాలు సాధించి పెట్టిన అసలు సంగతులు రెండే: దారి పక్కన నిలబెట్టిన బొమ్మల పలకలు, సరిహద్దు దగ్గర చూపించే కాగితాలు. మొదటిది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలో పూరీ గేట్ దాటే ప్రతి మనిషికీ తెలిసినదే.

పూరీ గేట్ ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీ వైపు వెళ్లే దారిలో ఉంది. ఒడిశా మీదుగా పూరీకి, మద్రాసుకు వెళ్లే రైలు మార్గాన్ని రోడ్డు అక్కడ దాటుతుంది. ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నా పేరులో గేటు అలాగే మిగిలింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన ఈ పట్నానికి వర్క్‌షాపు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ముఖ్య కారణం ఈ జనాభాయే.

సైకిళ్లతో మొదలు

ఈ సంఘాలను పుట్టించింది కార్లవాళ్లు కాదు, సైకిళ్లవాళ్లు. ఇంగ్లండులో 1878లో సైకిల్ పర్యాటకుల క్లబ్బు ఏర్పడింది. ఫ్రాన్సు టూరింగ్ క్లబ్ 1890లో, ఇటలీది 1894లో వచ్చాయి. 1898లో ఐరోపా, అమెరికా సైకిల్ క్లబ్బులు లక్సెంబర్గ్‌లో సమావేశమై ఒక అంతర్జాతీయ లీగు పెట్టుకున్నాయి. అదే 1919లో ఏఐటీ అయింది, తర్వాత జెనీవా దాని కేంద్రమైంది. కార్లున్న క్లబ్బులు 1904 జూన్ 20న వేరే సంఘం పెట్టుకున్నాయి. పారిస్ కేంద్రంగా నడిచిన ఆ సంఘమే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎఫ్‌ఐఏ అన్న పేరు తీసుకుంది. మోటారు సైకిళ్లవాళ్లు కూడా అదే ఏడాది డిసెంబరులో తమ సమాఖ్యను విడిగా కట్టుకున్నారు. ఇప్పుడు ఎఫ్‌ఐఏలో 140కి పైగా దేశాల నుంచి 240కి పైగా సంస్థలు సభ్యులు. ఏఐటీ పనులు చాలామటుకు అందులోనే కలిసిపోయాయి.

నాలుగు బొమ్మలు

కొత్త ఊరి దారి ఎటు వంగుతుందో, ఎక్కడ గుంటలున్నాయో సైకిల్ మీద వెళ్లేవాడికి ముందే తెలియాలి. అందుకే క్లబ్బులు తమ ఖర్చుతో దారి పక్కన పలకలు నాటించేవి. దేశానికొక తీరుగా ఉన్న ఈ పలకలను ఒకే తీరుకు తెచ్చే ప్రతిపాదనలు 1900లో పారిస్‌లో జరిగిన పర్యాటక సంఘాల సభలోనే చర్చకు వచ్చాయి. 1909 అక్టోబరు 11న అదే పారిస్‌లో కుదిరిన మోటారు వాహనాల ఒప్పందంలో ప్రభుత్వాలు నాలుగు బొమ్మలకు ఒప్పుకున్నాయి: ఎగుడుదిగుడు దారి, మలుపు, కూడలి, రైలు గేటు. అక్షరం రాని మనిషికైనా, ఆ దేశపు భాష రాని మనిషికైనా అర్థం కావాలని అక్షరాలకు బదులు బొమ్మలు ఎంచుకున్నారు. ప్రపంచానికంతటికీ నాలుగే నాలుగు హెచ్చరికలు చాలనుకున్న రోజున వాటిలో ఒకటి రైలు గేటు కావడం గమనించదగ్గది. మోటారు బండి అప్పటికి కొత్తది, రైలు పాతది. గేటు పడి ఉన్న సంగతి చివరి నిమిషం దాకా కనబడకపోతే నష్టపోయేది మోటారువాడే.

1926లో మళ్లీ పారిస్‌లోనే జరిగిన ఒప్పందంలో బొమ్మలు త్రిభుజాకారపు పలకల్లోకి వచ్చాయి. కాపలా ఉన్న గేటుకు, లేని గేటుకు వేర్వేరు గుర్తులు ఏర్పడ్డాయి. మన దేశంలో నేటికీ ఆ తేడా అలాగే ఉంది. ఎర్ర అంచు త్రిభుజంలో కంచె బొమ్మ ఉంటే కాపలా ఉన్న గేటు, పొగ ఇంజను బొమ్మ ఉంటే లేనిది. కాపలా లేని చోట బండి ఆపి, కండక్టరో క్లీనరో మరొకరో దిగి పట్టాల దాకా నడిచి రైలు రావడం లేదని చూసి రావాలనీ, ఆ తర్వాతే బండి దాటించాలనీ మోటారు వాహనాల చట్టం (1988) 131వ సెక్షన్ చెబుతుంది. బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి నాటికి ఎత్తేశారు. పొగ ఇంజన్లు పోయి దశాబ్దాలైనా వాటి బొమ్మ మాత్రం చట్టంలో ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ బొమ్మలకు సభ్యత్వ రుసుముతో పని లేదు. డ్యూటీకి సైకిల్ మీద పోయే రైల్వే కార్మికుడికీ, లారీ డ్రైవరుకూ, కలకత్తా నుంచి కారులో వచ్చిన పెద్దమనిషికీ గేటు ఒకలాగే పడుతుంది, పలక ఒకే సంగతి చెబుతుంది. ఐతే ఆ సంఘాలు నోరు తెరిచి మాట్లాడింది మాత్రం కారున్నవాడి తరఫునే. సైకిళ్లతో మొదలైన ఉద్యమంలోంచి సైకిలువాడు ఎప్పుడో జారిపోయాడు.

మన క్లబ్బులు, పరిధులు

భారతదేశంలో ఈ క్లబ్బులు ప్రాంతాలవారీగా ఏర్పడ్డాయి. కలకత్తాలో 1904లో పుట్టిన బెంగాల్ ఆటోమొబైల్ అసోసియేషన్ తర్వాత తూర్పు భారత ఆటోమొబైల్ అసోసియేషన్ అయింది. మద్రాసు క్లబ్బు 1905 నాటిది, బొంబాయిది 1919 నాటిది. ఉత్తరాదికి ఢిల్లీలోనూ అలహాబాదులోనూ ఉన్నాయి. వీటన్నిటి మీద ఒక సమాఖ్య ఉంది. ఈ పంపకం వల్ల ఖరగ్‌పూర్ తెలుగువాడి కారు కలకత్తా క్లబ్బు పరిధిలోకి, శ్రీకాకుళంలో అతని అన్న కారు మద్రాసు క్లబ్బు పరిధిలోకి వస్తాయి. ఇద్దరి మధ్యా నడిచేది మాత్రం ఒకే రోడ్డు. కలకత్తా వైపు నుంచి ఖరగ్‌పూర్, బాలేశ్వర్, భువనేశ్వర్, శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరే 16వ నంబరు జాతీయ రహదారి అది. ఆసియా రహదారుల జాలంలో దీనికి ఏహెచ్ 45 అని మరో నంబరు.

కాగితం మీద నమ్మకం

బండి దేశం దాటితే కస్టమ్స్‌వారికి ఒకటే అనుమానం: దీన్ని ఇక్కడే అమ్మేసి పోతాడేమో, సుంకం ఎవరిస్తారు? క్లబ్బులు కనిపెట్టిన జవాబు కార్నే ద పసాజ్. ఇది కట్టలాంటి పుస్తకం. ప్రతి పేజీలో మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వచ్చేటప్పుడు ఒక ముక్క చించుకుంటారు, బయటికి పోయేటప్పుడు మరొకటి, మిగిలిన మూడో ముక్క పుస్తకంలోనే ముద్రలతో ఉంటుంది. బండి తిరిగి వెళ్లకపోతే సుంకం కట్టాల్సింది క్లబ్బుల గొలుసు. ఆ డబ్బును బండి యజమాని ముందుగా పెట్టిన బ్యాంకు హామీ నుంచి క్లబ్బు రాబట్టుకుంటుంది. ప్రభుత్వం ప్రభుత్వాన్ని నమ్మని చోట ఒక దేశపు క్లబ్బు పూచీని మరో దేశపు కస్టమ్స్ నమ్ముతుందన్న మాట. సొంత వాహనాల తాత్కాలిక దిగుమతిపై 1954లో న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందం దీనికి చట్టపు ఆధారం. మన దేశంలో కార్నేలు ముంబయి క్లబ్బు నుంచి వస్తాయి.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కథ వేరు. దాని మూలం 1909, 1926 ఒప్పందాల్లో ఉంది. మన దేశం పాటించేది 1949 జెనీవా ఒప్పందాన్ని. ఒకప్పుడు క్లబ్బులిచ్చిన ఈ పర్మిటు ఇప్పుడు రవాణా శాఖ కార్యాలయాల్లో దొరుకుతుంది, గడువు ఏడాది. రాష్ట్రానికొక రకంగా ఉన్న దాని రూపాన్ని 2022 ఆగస్టులో కేంద్రం ఒకే తీరుకు మార్చి, క్యూఆర్ కోడు చేర్చింది.

లారీలకు ఈ క్లబ్బులతో సంబంధం లేదు. వాటి తరఫున మాట్లాడేది 1948లో జెనీవాలో ఏర్పడ్డ అంతర్జాతీయ రోడ్డు రవాణా యూనియన్. సరుకు లారీలు కస్టమ్స్ దాటేందుకు అది నడిపే టీఐఆర్ కార్నే వ్యవస్థలో భారత్ 2017 జూన్‌లో 71వ దేశంగా చేరింది. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, భారత్‌ల మధ్య వాహనాల రాకపోకలకు 2015 జూన్‌లో థింఫూలో ఒప్పందం జరిగినా భూటాన్ దాన్ని ఆమోదించలేదు. ఖరగ్‌పూర్ నుంచి కారు తీసుకుని నేపాలో భూటానో వెళ్లేవాడికి కార్నే అక్కర్లేదు, సరిహద్దులో రుసుము కట్టి పర్మిటు తీసుకుంటే చాలు.