తీగమీద జారే చేతిని చూపించాలంటే

1926 ఆగస్టు 6న న్యూయార్క్‌లోని వార్నర్స్ థియేటర్‌లో ‘డాన్ జువాన్’ సినిమాకు ముందు కొన్ని లఘుచిత్రాలు వేశారు. బొమ్మతోపాటు శబ్దమూ వినిపించే వైటాఫోన్ పద్ధతిని జనానికి పరిచయం చేయడానికి తీసినవి అవి. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం, వయొలిన్ విద్వాంసుడు మీషా ఎల్మన్, ఒపెరా గాయకుడు జొవాన్ని మార్టినెల్లి వంటి ఉద్దండుల మధ్య ఇరవయ్యారేళ్ల రాయ్ స్మెక్ కూడా ఉన్నాడు. అతను వాయించిన వాద్యాల్లో హవాయి గిటారు ఒకటి. మన ‘భక్త ప్రహ్లాద’ రావడానికి ఇంకా అయిదున్నరేళ్లు ఉంది. సినిమాకు మాట వచ్చిన తొలిరోజుల్లోనే స్టీలు కడ్డీ కింద గిటారు తీగ పలకడం జనం కళ్లారా చూశారు.

స్మెక్ అంతటితో ఆగలేదు. 1933 నాటి ‘దట్ గోజ్ డబుల్’ అనే లఘుచిత్రంలో తెరను నాలుగు భాగాలు చేసి, నాలుగింటిలోనూ తనే నాలుగు వాద్యాలు వాయిస్తూ కనిపించాడు. ఇవాళ ఇంట్లో కూర్చుని ఒకే పాటకు తమ చేతులే రెండు మూడు వైపుల నుంచి కనిపించేలా వీడియోలు కూర్చేవాళ్లకు ఇతన్ని పెద్దతాతగా చెప్పుకోవచ్చు.

హవాయి గిటారు లాంటి స్లైడ్ వాద్యాన్ని వింటే చాలదు, చూడాలి. మామూలు గిటారులోనైనా వీణలోనైనా తీగను నొక్కి మెట్టుకు ఆనిస్తే స్వరస్థానాన్ని మెట్టే నిలబెడుతుంది. స్లైడ్ వాద్యంలో తీగను నొక్కరు. గాజుగొట్టమో లోహపు కడ్డీయో తీగమీద తేలికగా ఆనించి జరుపుతారు. మెట్టు ఇక్కడ గుర్తు మాత్రమే. కడ్డీ సరిగ్గా మెట్టు లోహానికి నిట్టనిలువునా పైన ఉంటేనే స్వరం శుద్ధంగా పలుకుతుంది, వెంట్రుకవాసి ఇటూ అటూ అయినా శ్రుతి తప్పుతుంది. పైగా కడ్డీ వెనక ఒకటి రెండు వేళ్లు తీగలమీద మెత్తగా ఆనాలి. లేకపోతే కడ్డీకి అవతలి వైపు తీగ కూడా మోగి గరగర తగులుతుంది. ఈ వేళ్ల పని చెవికి అందదు. రికార్డు వంద సార్లు విన్నా అవి ఎక్కడున్నాయో తెలియదు.

హవాయిలో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినవాడిగా ఒవాహు ద్వీపంలోని లాయియేకు చెందిన జోసెఫ్ కెకుకుకు పేరుంది. కమేహమేహా బాలుర పాఠశాలలో చదువుకున్న కెకుకు 1880ల చివర్లో గిటారును ఒళ్లో పెట్టుకుని, తీగలమీద ఉక్కుముక్కను జరిపి వాయించడం సాధన చేశాడు. ఇండియాలో పుట్టి హోనలూలు చేరిన గాబ్రియేల్ డేవియన్ పేరు కూడా పాత కథనాల్లో వినిపిస్తుంది. ఎవరు ముందన్న వాదు తేలలేదు. కానీ 1904లో కెకుకు అమెరికా వెళ్లి ఊరూరా వాయించాడు, శిష్యులకు నేర్పాడు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మంటపం దగ్గర ఈ సంగీతం విన్న జనం దాన్ని దేశమంతా మోసుకెళ్లారు.

అప్పటినుంచి నేర్పడమే పెద్ద వ్యాపారమైంది. క్లీవ్‌లాండ్‌లోని ఒవాహు పబ్లిషింగ్ కంపెనీ వంటివి పాఠాలు అచ్చువేసి, ఊళ్లలో బడులు నడిపించాయి. స్వరలిపి రానివాళ్లకు ఏ తీగమీద ఏ మెట్టో అంకెల్లో ఇచ్చారు. ఇది మంచి ఆలోచనే. అయితే అంకె స్థానాన్ని చెబుతుంది గానీ ఆ స్థానానికి చేయి ఎలా జారిందో చెప్పదు. పుస్తకంలోని ఫొటోలో చేయి ఎప్పుడూ ఆగే ఉంటుంది. ఈ వాద్యానికి ప్రాణమంతా రెండు స్వరాల నడుమ ప్రయాణంలోనే ఉంది.

ఇలాగే తీగమీద జరిపి వాయించిన అమెరికా దక్షిణాది నల్లజాతి కళాకారుల విషయంలో ఈ లోటు మరింత బాధ కలిగిస్తుంది. 1903లో మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో ఒకతను గిటారు తీగలమీద కత్తిని ఆనించి వాయించడం విన్నానని బ్లూస్ స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ తన ఆత్మకథలో రాశాడు. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. 1927 డిసెంబరులో డాలస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ రికార్డు చేసిన పాట ఒకటి 1977లో వాయేజర్ నౌకతో అంతరిక్షంలోకి వెళ్లింది. అంతటి వాద్యకారుడు తీగమీద జరిపింది జేబుకత్తినా, సీసా మెడనా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎందుకంటే అతను వాయిస్తుండగా తీసిన ఫిల్ము లేదు.

మిసిసిపీ బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్‌దీ అదే కథ. అతనిదేనంటూ 1990లలో ఒక చిన్న ఫిల్ము ముక్క బయటికొచ్చి సంచలనం రేపింది. అందులో గోడమీద కనిపించే సినిమా పోస్టరు 1941 నాటి చిత్రానిదని తేలింది. జాన్సన్ చనిపోయింది 1938లో.

ఆ తరంలో మిగిలినవాళ్లనైనా కెమెరా ముందుకు తెచ్చిన ఘనత 1960లది. స్లైడ్ గిటారు వాయించే బ్లూస్ గాయకుడు సన్ హౌస్‌ను 1964లో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో వెతికి పట్టుకున్నారు. ఆయన అప్పటికి ఏళ్ల తరబడి గిటారు ముట్టలేదు. ఆయన పాత రికార్డులనే కుర్రవాడైన అలన్ విల్సన్ ఎదురుగా కూర్చుని వాయించి గుర్తుచేయాల్సి వచ్చింది. 1966లో న్యూపోర్ట్ ఉత్సవం సమయంలో జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ పల్లెటూరి సారాకొట్టు లాంటి గది ఒకటి కట్టించి, అందులో సన్ హౌస్, బుక్కా వైట్, హౌలిన్ వుల్ఫ్, స్కిప్ జేమ్స్‌లను చిత్రీకరించాడు. సన్ హౌస్ చేయి తీగలమీద విరుచుకుపడే తీరు రికార్డుల్లో ఊహకందేది కాదు. పాఠం కోసం తీసింది కాకపోయినా, తర్వాతి తరానికి అంతకన్నా మంచి పాఠం దొరకలేదనే చెప్పాలి.

పాఠం కోసమే తీయడం వేరే దారిలో వచ్చింది. హ్యాపీ ట్రావుమ్, జేన్ దంపతులు 1967లో హోమ్‌స్పన్ పేరుతో స్పూల్ టేపుల్లో గిటారు పాఠాలు పంపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత క్యాసెట్లు, వీహెచ్‌ఎస్ వచ్చాక వీడియోలు. గిటారిస్టులు ఆర్లెన్ రాత్, స్టెఫాన్ గ్రాస్‌మన్ కూడా ఇదే దారి పట్టారు. 1986 నాటి ‘క్రాస్‌రోడ్స్’ సినిమాలో నటుడు రాల్ఫ్ మాకియో చేతులకు తర్ఫీదు ఇచ్చినవాడు రాత్. స్లైడ్ వాయించింది రై కూడర్. శబ్దం ఒకరిది, కనిపించే చేయి ఇంకొకరిది కాబట్టి తెరమీద కడ్డీ ఏ క్షణాన ఏ మెట్టుమీద ఉండాలో లెక్క తప్పకూడదు. ఆ శిక్షణ ఎంత కష్టమో తీగమీద కడ్డీ పెట్టి చూసినవాళ్లకు తెలుస్తుంది.

మనదేశంలో ఈ విద్య గురువు ఎదుట కూర్చుని నేర్చుకోవడంగానే సాగింది. మెట్లే లేని గోటువాద్యం, అంటే చిత్రవీణ, దక్షిణాదిన అప్పటికే కచేరీ వేదిక ఎక్కింది. హవాయి గిటారు 1940లలో కలకత్తాలో ఉన్న, హవాయి సంగీతం వాయించే టౌ మో కుటుంబం వంటివారి ద్వారా పాకింది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని హిందుస్తానీ రాగాలకు లొంగదీశారు. విశ్వమోహన్ భట్ గిటారును మార్చి చేసుకున్న తన మోహనవీణను వాయిస్తూ రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బం 1994లో గ్రామీ అందుకుంది.

ఇప్పుడు ఫోను చేతికొచ్చింది, గురువుకూ శిష్యుడికీ ఇల్లే స్టూడియో. అయినా పాత చిక్కులు పోలేదు. కెమెరా పక్కనుంచి చూస్తే తీగ ఎత్తు కారణంగా కడ్డీ మెట్టుకు ముందో వెనకో ఉన్నట్టు కనిపిస్తుంది. నేర్చుకునేవాడు ఆ తప్పునే నేర్చుకుంటాడు. అందుకే కెమెరాను మెడకు సూటిగా, వాయించే మెట్లకు ఎదురుగా నిలపాలి. కడ్డీ వెనక వేళ్ల కోసం రెండో ఫోను ఉంటే ఇంకా మేలు. ఫోను కెమెరా బొమ్మను వరస వరసగా చదువుతుంది కాబట్టి అదిరే తీగ పాములా వంకర్లు పోతుంది. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్‌ది. షట్టరును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో కట్టేస్తే దీపాల వల్ల తెరమీద కదిలే చారలు తగ్గుతాయి.

శబ్దానిదీ ఒక పేచీ ఉంది. స్లైడ్ స్వరం నెమ్మదిగా సన్నగిల్లుతుంటే ఫోను తనంతట తానే శబ్దస్థాయిని పెంచేసి, ఫ్యాను హోరును పైకి తెస్తుంది. ఆ ఆటోమేటిక్ ఏర్పాటును ఆపి, మైకును వేరుగా పెట్టి, మొదట్లో ఒక్క చప్పట కొట్టి, దాని ఆధారంగా బొమ్మనూ శబ్దాన్నీ తర్వాత జతచేసుకునేవాళ్ల వీడియోల్లో స్వరం చివరిదాకా వినబడుతుంది, అది ఆగిపోయేటప్పుడు కడ్డీ వెనక వేలు ఏం చేసిందో కూడా కనబడుతుంది.