చంపిందెవరో అందరికీ తెలుసు, చెప్పేదెవరు?

హిరణ్యకశిపుడు అడిగిన వరాన్ని ఒక్కసారి డిటెక్టివ్ నవల చదివే కళ్ళతో చూడండి. మనిషి చేతిలో చావకూడదు, జంతువు చేతిలో చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఏ ఆయుధంతోనూ కాదు. అన్ని తలుపులూ మూసి గడియ పెట్టుకుని, "ఇప్పుడు చంపు చూద్దాం" అన్నట్టు లేదూ? ఇక జవాబు చూడండి. సగం మనిషి, సగం సింహం. సందెవేళ. గడప మీద. ఒళ్ళో పెట్టుకుని. గోళ్ళతో. ఒక్క షరతు కూడా తప్పలేదు.

మాకు ఇది పుస్తకంలో కథ కాదు, ఊరి కథ. ఆళ్ళగడ్డ నుంచి నల్లమల వైపు వెళ్తే అహోబిలం. మొన్న మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం, కొండల్లో తొమ్మిది నరసింహ రూపాలు, నిట్టనిలువుగా చీలినట్టుండే ఉగ్రస్తంభం. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనని పిల్లలకు చూపిస్తాం. 14వ శతాబ్దంలోనే ఎఱ్ఱన ఈ క్షేత్రం కథతో నృసింహపురాణం రాశాడు. ముగింపు తెలియనివాళ్ళు మా వైపు ఎవరూ ఉండరు. అయినా ప్రతిసారీ వింటాం.

1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత, ఆయన ఒక క్రైస్తవ మతగురువు కూడా, డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివుకు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, చివర్లో దయ్యాన్నో మహిమనో తెచ్చి ముడి విప్పకూడదు, ఇలా సాగుతాయవి. మన కథలో మహిమ ఉంది కాబట్టి నాక్స్‌గారు మార్కులు తగ్గిస్తారేమో. కానీ న్యాయంగా ఆడాలన్న అసలు నియమం మాత్రం వరంలోనే ఉంది. షరతులన్నీ ముందే చెప్పారు. జవాబు వాటి సందుల్లోనే దొరికింది.

ఈ కథలో నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది నరసింహుడు కాదు, ప్రహ్లాదుడు. ఇంటి పెద్దకు ఎదురుగా నిలబడి, ఏనుగులతో తొక్కించినా కొండ మీంచి తోయించినా మాట మార్చని సాక్షి. "ఈ స్తంభంలో ఉన్నాడా?" అంటే "ఉన్నాడు" అన్నాడు. వాడు ఆ ఒక్క మాట తిప్పుకుని ఉంటే కథే లేదు. దీని సంగతి మళ్ళీ చెప్తాను. ముందు మన తెలుగిళ్ళలోకి ఈ హత్యల పుస్తకాలు ఎట్లా వచ్చాయో చూద్దాం.

ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్' 1841లో వచ్చింది. ఇప్పుడు మనం డిటెక్టివ్ కథ అంటున్నదానికి దాన్నే మొదలుగా చెప్తారు. షెర్లాక్ హోమ్స్ 1887లో మొదటిసారి కనిపించాడు. ఆ గాలి కలకత్తాకు తొందరగానే సోకింది. ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ అనే పోలీసు అధికారి తన కేసులను 'దారోగార్ దప్తర్' పేరుతో 1890లలో కథలుగా రాశాడు. ఆ తర్వాత పాంచ్‌కడీ దే నవలలు బెంగాల్‌ను ఊపేశాయి. 20వ శతాబ్దం మొదట్లో తెలుగువాళ్ళకు బెంగాలీ నవల అంటే మహా మోజు కదా, బంకించంద్రుడి వెనకాలే ఈ పాంచ్‌కడీ గారూ తెలుగులోకి దిగారు. మనవాళ్ళు ఈ రకం నవలకు 'అపరాధ పరిశోధన' అని ఘనమైన పేరు పెట్టారు. పేరు ఎంత గంభీరంగా ఉన్నా చదివేవాళ్ళు దిండు కిందే దాచుకున్నారు!

1950ల నుంచి అసలు సందడి. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును సృష్టించారు. 'ఉరితాడు', 'చావు కేక', 'లక్షాధికారి హత్య' లాంటి పేర్లు వింటేనే ఆ తరం వాళ్ళకు ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. 'త్వమేవాహం' రాసిన కవి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' అనే మహాగ్రంథం రాసిన ఆరుద్ర కూడా 'పలకల వెండి గ్లాసు' అనే డిటెక్టివ్ నవల రాశారు. "అవన్నీ పనికిమాలిన పుస్తకాలు" అని ఎవరైనా అంటే ఆరుద్ర పేరు చెప్పండి, కాస్త తగ్గుతారు. టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్ లాంటి వాళ్ళు పుంఖానుపుంఖాలుగా రాశారు. తర్వాత మధుబాబుగారి షాడో వచ్చాడు. షాడో, బిందు, శ్రీకర్, గంగారాం, కులకర్ణిగారు అని వరసగా చెప్పగలిగే మగపిల్లలు మా తరంలో ప్రతి వీధికీ ఉన్నారు.

ఇవి మా సీమ పల్లెలకు ఎట్లా చేరేవంటే, దానికీ ఒక దారి ఉంది. గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులోనే పుట్టారు. ఆయన పోయిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఊరూరా గ్రంథాలయం ఉండాలన్నది ఆ తరం కల. కానీ గ్రంథాలయానికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని చదివే ఆడవాళ్ళు ఎంతమంది? మా ఇళ్ళలో ఆడవాళ్ళకు పుస్తకం అందింది బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల అంగడి నుంచి. రోజుకు పావలా, అర్ధరూపాయి. టౌనుకు పోయే మగపిల్లాడి చేతికి చీటీ ఇస్తే తెచ్చేవాడు. రాత్రికి వాడు చదివేసి, పొద్దున అమ్మకిచ్చి, మధ్యాహ్నం పక్కింటికి పోయి, సాయంత్రానికి మళ్ళీ అంగడికి. సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరి ఊరూరా తిరుగుతాడు చూడండి, ఒక్కో ఊళ్ళో ఒక్కో పూట మకాం. పుస్తకమూ అంతే, ఒక్కో ఇంట్లో ఒక్కో పూట.

రెండో దారి వారపత్రిక. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి, తర్వాత స్వాతి. సీరియల్ పేజీలు చించి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసుకునేవాళ్ళు. మా అత్తమ్మ కుట్టిన పుస్తకాలు మా ఇంట్లో నాలుగున్నాయి. ఒకదాంట్లో రెండు వారాలు లేవు. అక్కడ ఒక తెల్లకాగితం పెట్టి, పక్కింటావిడ నోటితో చెప్పిన కథ నాలుగు లైన్లలో రాసి పెట్టుకుంది.

ఆమె చదివింది ఐదో తరగతే. ఒకసారి నేను అడిగాను, ఈ హత్యల పుస్తకాలు నీకెందుకంత ఇష్టం అత్తమ్మా అని. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే చెప్పింది: "మనూళ్ళో సంపినోడు ఎవురో అందరికీ తెలుసమ్మా. సెప్పేటోడే ఉండడు. ఈ పుస్తకాల్లో ఆకర్న ఒకడు నిలబడి సెప్తాడు సూడు, అది నాకు బాగుంటాది."

ఈ మాట విన్నాక నేను డిటెక్టివ్ నవలల మీద చదివిన వ్యాసాలన్నీ ఒక మెట్టు కింద కనిపించాయి. వాటిల్లో 'ఎవరు చేశారు' అన్నదే అసలు ప్రశ్న. లండన్‌లోనో మద్రాసులోనో ఉన్నవాళ్ళకు అది నిజమే. ముఠా కక్షలు చూసిన సీమ పల్లెల్లో ఆ ప్రశ్నకు అర్థం లేదు. పట్టపగలు రోడ్డు మీద జరిగినదానికి మిస్టరీ ఎక్కడిది? కోర్టుకు వెళ్ళేసరికి చూసినవాళ్ళు చూడలేదంటారు. బతకాలి కాబట్టి అంటారు. వాళ్ళను తప్పు పట్టేంత ధైర్యం నాకు లేదు. భర్త పోయిన ఆడమనిషి, చంపినవాడు ఎదురుగా నడిచిపోతుంటే తలుపు వేసుకోవాల్సిన ఊళ్ళలో, ఒక పుస్తకం చివరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి యుగంధర్ "హంతకుడు ఇతనే" అంటే ఆమెకు ఎలా ఉంటుంది? అది కాలక్షేపమేనా?

అందుకే నాకు ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. ఆ కథను మా వాళ్ళు వందల ఏళ్ళుగా విసుగు లేకుండా వింటున్నది సింహం కోసమే కాదనుకుంటా. ఇంట్లో చిన్నవాడు, బలం లేనివాడు, పెద్దాయన ముఖం మీద నిజం చెప్పి బతికి బయటపడ్డాడు. అది కూడా చివరి అధ్యాయమే.

1980ల మొదట్లో దారి కొంచెం మారింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. చిన్నపిల్ల మీద కాష్మోరా ప్రయోగం. పత్రిక ఎప్పుడొస్తుందా అని జనం బస్సు కోసం కాచుకునేవాళ్ళని మా వాళ్ళు చెప్తారు. దానిమీద గొడవా అంతే జరిగింది. మూఢనమ్మకాలు పెంచుతోందని విమర్శలొచ్చాయి. రంగనాయకమ్మగారైతే 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని పేరు పెట్టి మరీ రాశారు.

ఈ తగువులో నాది నడిమి దారి. ఆ నవల చేతిలోంచి దించనివ్వదు, నిజమే. కానీ చేతబడి చేసిందన్న అనుమానంతో ఒక ముసలామెను కొట్టారన్న వార్త తెలుగు పేపర్లలో ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. అలాంటి అనుమానంలో సాక్ష్యం ఉండదు, భయమే ఉంటుంది. డిటెక్టివ్ నవల నేర్పేది దానికి సరిగ్గా తిరుగు: నీకెలా తెలుసు? ఎవరు చూశారు? ఆ టైముకు ఆమె ఎక్కడుంది? కాబట్టి 'తులసిదళం' ఎవరికైనా ఇస్తే దాని వెంట యుగంధర్ నవల ఒకటి కూడా ఇవ్వండి. ఒకటి భయపెడుతుంది, రెండోది భయాన్ని ప్రశ్నలు అడగడం నేర్పుతుంది.

ఇచ్చే సంగతి వచ్చింది కాబట్టి ఎవరికి ఏది ఇవ్వాలో నాకు తోచింది చెప్తాను. పుస్తకమంటేనే ఆవులించే ఇంటర్ పిల్లాడికి షాడో. తర్కం సంగతి తర్వాత, ముందు పేజీ తిప్పడం అలవాటవ్వాలి. రోజంతా చాకిరీ చేసి నవ్వు కోసం చూసే చెల్లెలికి మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్'. 1986లో జంధ్యాల తీసిన సినిమా చూసేసినా పరవాలేదు, నవలలో నవ్వు వేరే ఉంది. లా చదువుతున్న అమ్మాయికి యండమూరి 'అభిలాష'. ఉరిశిక్ష ఉండకూడదని నమ్మిన కుర్ర లాయరు ఆ నమ్మకం కోసం ఎంత దూరం వెళ్ళాడన్నదే కథ. 1983లో సినిమాగా వచ్చింది. చివరి పేజీ ముందే చూసే అలవాటున్న మరిదికి అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' ఇచ్చి, చివరి అధ్యాయానికి రబ్బరు బ్యాండు వేయండి. 1926 నాటి పుస్తకం, ఇప్పటికీ ముగింపు మీద పాఠకులు దెబ్బలాడుకుంటారు.

మిస్టరీని సిఫార్సు చేయడంలో ఒక మర్యాద ఉంది. బాగుందని చెప్పాలి, ఎందుకు బాగుందో చెప్పకూడదు. మా అత్తమ్మ వాళ్ళు దీన్ని బాగా పాటించేవాళ్ళు. "వంటామె మీద ఒక కన్నెయ్యి" అనేవాళ్ళు. చదివాక తెలిసేది, వంటామెకు ఏ సంబంధమూ లేదని!

ఇక ఒక్క విషయం. చౌక కాగితం మీద అచ్చయిన ఈ నవలలు పొడైపోతున్నాయి. చాలావాటి మీద అచ్చయిన సంవత్సరం కూడా ఉండదు. ఇల్లు మారినప్పుడల్లా ముందు పాత పేపర్ల అంగడికి వెళ్ళేవి ఇవే. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని, పండితులు పట్టించుకోని వేమన పద్యాలు వెతికించి, 1829లో అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టారు. వేమనతో యుగంధర్‌ను పోల్చడం లేదు. ఒక కాలం వాళ్ళు చిన్నచూపు చూసిందాన్ని తర్వాతి కాలం వాళ్ళు వెతుక్కుంటారని మాత్రం అంటున్నాను.

మనం బ్రౌన్ కానక్కర్లేదు. అటక మీద మూట దించినప్పుడు విప్పి చూడండి. కుట్టిన సీరియల్ దొరికితే ఏ పత్రికో, సుమారు ఏ ఏడాదో అట్ట మీద పెన్నుతో రాయండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే ఏ నవల నచ్చేదో, ఎవరి దగ్గర తెచ్చుకునేవాళ్ళో, ఎందుకు నచ్చేదో అడిగి రాసుకోండి. ముఖ్యంగా 'ఎందుకు' అన్నది. ఏ నవల ఎవరు రాశారో తర్వాత ఎవరైనా చెప్పగలరు. ఒక పల్లెలో ఐదో తరగతి చదివిన మనిషి ఆ చివరి అధ్యాయంలో ఏం వెతుక్కుందో, ఆమె ఉండగా అడిగితేనే తెలుస్తుంది.