బాకీ పద్దు ఎవరి మాట?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయత్ ఆరాధన గురించి గాక అప్పు పత్రం గురించి అవతరించడం తొలిసారి చదివేవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. బఖరా సూరాలోని 282వ ఆయత్ గడువు గల ఋణాన్ని, చిన్నదైనా పెద్దదైనా, రాసుకోమంటుంది; సాక్షులను పెట్టుకోమంటుంది; లేఖకుడు న్యాయంగా రాయాలంటుంది. అయితే ఇందులో నిదానించి చూడవలసిన అంశం మరొకటి ఉంది. పత్రంలోని మాటలు చెప్పి రాయించవలసినవాడు అప్పిచ్చినవాడు కాదు, పుచ్చుకున్నవాడు. అతను బలహీనుడో, చెప్పి రాయించలేనివాడో అయితే అతని తరఫున సంరక్షకుడు చెప్పాలి. సొమ్ము ఎలాగూ ఇచ్చేవాడి చేతిలోనే ఉంది. రాత కూడా అతని చేతికే పోతే రెండోవాడికి మిగిలేదేమిటి?

తగాదా వస్తే రుజువు చూపవలసింది దావా తెచ్చినవాడు. కాదన్నవాడు ప్రమాణం చేస్తే చాలు. దైవప్రవక్త (స) సన్నిధిలో ఒక బావి తగాదా వచ్చినప్పుడు అష్అస్ బిన్ ఖైస్‌ను సాక్షులను తెమ్మన్నారు, లేకుంటే ఎదుటివాని ప్రమాణమే గతి అన్నారు. అతను నిర్భయంగా అబద్ధపు ప్రమాణం చేసేస్తాడని అష్అస్ మొరపెట్టుకున్నాడు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయినా సూత్రం మారలేదు.

హనఫీ ఫఖీహులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఒకరి చేతిరాతను పోలి మరొకరి చేతిరాత ఉండవచ్చు గనుక ఉత్త కాగితం రుజువు కాదన్నారు. పత్రాలు పకడ్బందీగా రాసే విద్యకు ‘షురూత్’ అనే ప్రత్యేక శాస్త్రమే పుట్టింది, ఇమాం తహావీ (మరణం హి. 321, క్రీ.శ. 933) అందులో గ్రంథాలు రచించారు. కానీ న్యాయస్థానంలో పలికేది పత్రం కాదు, సాక్షి.

వ్యాపారం పెరిగాక ఈ నిష్ఠ సడలక తప్పలేదు. జౌదత్ పాషా ఆధ్వర్యంలో 1869 - 1876 మధ్య వెలువడిన ఉస్మానియా సామ్రాజ్యపు ‘మజల్లా’ 1608వ నిబంధనలో వర్తకుని ఖాతా పుస్తకాన్ని అంగీకరించింది. అయితే ఎవరికి వ్యతిరేకంగా? తాను ఫలానావారికి బాకీ ఉన్నానని వర్తకుడు రాసుకుంటే అది అతని ఒప్పుదల అవుతుంది. ఫలానావాడు తనకు బాకీ అని రాసుకుంటే మాత్రం అది ఒప్పుదల కాదు, వట్టి దావా. మనిషి మూలతః ఋణవిముక్తుడేనన్నది అదే మజల్లా 8వ నిబంధన. (మన చిట్టా ఆవర్జాలలోని ‘ఆవర్జా’ పారశీక పదం, ‘బాకీ’ అరబీ పదం, మాటలు వచ్చాయి గాని వాటి వెంట ఈ సూత్రం వచ్చిందని చెప్పలేం.)

ఇంతవరకూ పత్రం ఇద్దరి మధ్య సంగతి. మూడోవాడు 1841లో న్యూయార్కులో ప్రవేశించాడు. పట్టు వర్తకుడు లూయిస్ టాపన్ ఊరూరా వర్తకుల పరపతిని గూర్చి సమాచారం పోగుచేసి, చందాదారులకు అందించే సంస్థను స్థాపించాడు. ఎవరిని గురించి రాశారో వారికి ఆ పద్దు కనిపించదు. ఒహాయో వర్తకుడొకడు తనపై రాసినది అబద్ధమని దావా వేయగా 1851లో జ్యూరీ పదివేల డాలర్లు ఇప్పించింది. 1870లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. సరిగ్గా నూరేళ్ళకు, 1970లో, తన పద్దును ప్రశ్నించే హక్కును అమెరికా చట్టం సామాన్యునికి ఇచ్చింది.

భారతదేశంలో సిబిల్ సంస్థ 2000లో ఏర్పడగా చట్టం 2005లో వచ్చింది. తీర్చేసిన అప్పు తీరనట్టు, తీసుకోని అప్పు తీసుకున్నట్టు నమోదైతే దిద్దమని కోరే హక్కు 21వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది: అప్పిచ్చిన సంస్థ సరేనని ధ్రువీకరిస్తేనే పద్దు మారుతుంది. అంటే దావా తెచ్చినవాడే సాక్షి, అతడే ఖాజీ. తీసుకోని అప్పును తీసుకోలేదని రుజువు చేయమంటే ఎవరైనా ఏ కాగితం చూపగలరు? ఇంటి కోసమో, బిడ్డ చదువు కోసమో అప్పుకు వెళ్ళిన మనిషి కారణం తెలియకుండానే తిరస్కృతుడై వెనుదిరుగుతాడు.

తర్వాతి సవరణలు కొంత మేలు చేశాయి. 2017 నుంచి ప్రతి పరపతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. 2022 సెప్టెంబరు నుంచి ఈ సంస్థలపై రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదీకి పరిహారం చెల్లించాలి. ఆలస్యం అప్పిచ్చిన సంస్థదైతే ఆ సొమ్ము దాని నెత్తిన, పరపతి సంస్థదైతే దాని నెత్తిన పడుతుంది. ధ్రువీకరణ నిబంధన మాత్రం చట్టంలో అలాగే ఉంది.