గంట లెక్కన కొన్న ఆట

మన దేశంలో గేమ్ కన్సోల్ ఎందుకు పాకలేదని ఎవరినడిగినా ఒకటే జవాబు: ధర. మనవాళ్లకు చవకైతే చాలు, సరుకు ఎలా ఉన్నా కొంటారనే మాట ఏళ్ల తరబడి చదువుతున్నాను. పెద్ద నగరాల షోరూముల నుంచి చూస్తే అది సబబుగానే తోస్తుంది. హైదరాబాద్ పక్కనున్న మా ఇబ్రహీంపట్నం నుంచి చూస్తే నిలవదు. ఇక్కడ కన్సోల్ ఆడినవాళ్లలో ఎక్కువమంది ఎన్నడూ కన్సోల్ కొనలేదు, షాపులో గంట లెక్కన ఆడారు.

తొలి రోజుల సంగతి చాలామందికి తెలిసిందే. 1983లో నింటెండో జపాన్‌లో ఫ్యామికామ్ కన్సోల్‌ను 14,800 యెన్‌లకు అమ్మకానికి పెట్టింది. దాని నకళ్లు 1990లలో మన బజార్లలోకి దిగాయి. బస్సెక్కి హైదరాబాద్ కోఠీలో దిగితే దొరికేవి. మనం దాన్ని టీవీ గేమ్ అన్నాం, అందులో పెట్టేదాన్ని క్యాసెట్ అన్నాం. క్యాసెట్ మీద వేలకొద్దీ గేమ్‌లని అచ్చేసి ఉండేది. పెట్టి చూస్తే పేరు మార్చుకుని అవే మారియో, కాంట్రా, ట్యాంక్ మళ్లీ మళ్లీ వచ్చేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి, అడుగున ఉఫ్‌మని ఊది, మళ్లీ నొక్కి పెట్టేవాళ్లం.

అదే కాలంలో వీడియో గేమ్ షాపులు వచ్చాయి. 1993లో క్యాప్‌కామ్ చేసిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అసలు పేరు ఇక్కడ ఎవరికీ పట్టలేదు. అందులోని ఒక పాత్ర పేరుతో అది 'ముస్తఫా' అయింది. షాపులో నాలుగు మిషన్లుంటే నాలుగింటికీ అదే రూపాయి బిళ్ల. అయినా గుంపంతా ముస్తఫా దగ్గరే. ధర సమానంగా ఉన్నచోట పిల్లలను లాగింది ఆటే. ఈ చిన్న సాక్ష్యాన్ని చరిత్ర రాసినవాళ్లు పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

అసలు వివాదం ప్లేస్టేషన్ 2 (పీఎస్2) కాలం గురించి. 2000లో విడుదలైన ఈ యంత్రం ప్రపంచంలో దాదాపు 16 కోట్లు అమ్ముడైంది. దానికి పోటీగా 2001లో అమెరికాలో గేమ్‌క్యూబ్ 199 డాలర్లకు వచ్చింది. అప్పటికి పీఎస్2 299 డాలర్లు. వంద డాలర్లు తక్కువైనా గేమ్‌క్యూబ్ 2.2 కోట్ల దగ్గరే ఆగింది. దీనికి పడమటివాళ్లు చెప్పే కారణం, పీఎస్2లో డీవీడీ సినిమాలు కూడా ఆడటం. ఇళ్లల్లో అది నిజం కావచ్చు. గంట లెక్కన ఆడించే షాపులో డీవీడీతో పనేముంది? మా వైపు పీఎస్2 నిలబడింది రెండు మూడు డిస్కుల మీద. 2003 నాటి కుస్తీ గేమ్ 'స్మాక్‌డౌన్: హియర్ కమ్స్ ద పెయిన్' పీఎస్2లో తప్ప మరెక్కడా లేదు. 2006 చివర్లో వచ్చిన 'క్రికెట్ 07' పీఎస్2కు, కంప్యూటర్‌కు మాత్రమే వచ్చింది. గీతలు పడి, చొక్కా అంచుతో తుడిచి తుడిచి మసకబారిన డిస్కులు ఏవో చూస్తే చాలు, ఏ గేమ్ షాపును పోషించిందో తెలిసిపోయేది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. ఆ డిస్కుల్లో చాలా భాగం కాపీలు. మిషన్‌లో చిప్ వేయిస్తే కొద్దిపాటి డబ్బుకే గేమ్ వచ్చేది కాబట్టి గెలిచింది చవకే కదా అంటారు. కాదనను. కానీ కాపీ డిస్కు అన్ని గేమ్‌లకూ అంతే చవక. కొన్నే ఎందుకు అరిగాయో చవక చెప్పలేదు. శేరిగూడ, మంగళ్‌పల్లి వైపు ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో అదే క్రికెట్ కంప్యూటర్‌లో ఉచితంగా ఆడుకునే వీలున్నా, ఒకే టీవీ ముందు ఇద్దరు చెరో రిమోట్ పట్టుకుని కూర్చునేందుకు డబ్బులిచ్చి షాపుకు వచ్చేవాళ్లు.

2006 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ 360 మన దేశంలో 19,990 రూపాయల నుంచి మొదలైంది. 2007 ఏప్రిల్‌లో పీఎస్3 39,990తో వచ్చింది. ధరే అంతా అయితే సగం ధరకు దొరికేదే మొత్తం ఊడ్చుకుపోవాలి. కానీ ప్రపంచం మొత్తమ్మీద రెండూ 8 కోట్లు దాటి దాదాపు సమానంగా ముగిశాయి. ఇక్కడ నా వాదనను నేనే కొంత తగ్గించుకోవాలి: 2009లో అమెరికాలో ధర 299 డాలర్లకు దించాకే పీఎస్3 బాగా పుంజుకుంది.

ఆకర్షణ అంటే మన కథ, మన దేవుడు అనుకోవడమూ పొరపాటే. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ పీఎస్2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. భారతదేశంలోనే పూర్తిగా తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరుంది. అదే ఏడాది హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర మన ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చింది. ఆ ప్రయత్నాలకు నా గౌరవం ఉంది. కానీ హనుమంతుడి పేరు ఉన్నంత మాత్రాన చేతిలో బటన్ సరిగా పలకదు. ఆ గేమ్‌ను విమర్శకులు మెచ్చలేదు.

కాబట్టి ధరా, సరుకా అన్న ప్రశ్నను అడిగే తీరే తప్పు. మా ఊళ్లలో మిషన్ ధర షాపు యజమాని మోశాడు. కుర్రాడు మోసింది గంట ధర. యజమాని తన డబ్బు రాబట్టుకోవడానికి జనం కూడే గేమ్‌నే వెతుక్కున్నాడు. ధర ఎంత ముఖ్యమో అతని గల్లాపెట్టెకు తెలుసు, ఆకర్షణ ఎంత ముఖ్యమో కూడా దానికే తెలుసు.

ఇప్పటి సంగతి నాకు సంతోషం కలిగించదు. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 49,990కి వచ్చి, మరుసటి ఏడాది 54,990కి చేరింది. ఒక్క కొత్త గేమ్‌కు అప్పుడు 4,999 దాకా పడేది. గంట లెక్కన ఆడించే చిన్న షాపుకు ఈ లెక్క కుదరదు. 2016లో జియో వచ్చాక ఆట ఫోన్‌లోకి పోయింది. 2018లో పబ్జీ వచ్చింది, 2020లో నిషేధమైంది, 2021లో బీజీఎంఐగా తిరిగొచ్చింది. ఉచితం కాబట్టే గెలిచిందంటున్నారు. ఉచిత గేమ్‌లు ప్లే స్టోర్‌లో వేలున్నాయి, జనం ఆడింది దీన్ని. నలుగురు స్నేహితులు కలిసి దిగే ఆట కావడమే దాని బలం. అయితే ఆ నలుగురూ నాలుగు గదుల్లో ఉన్నారు. పక్కవాడి మోచెయ్యి తగిలే ఆట పోయింది, దాన్ని నేను నష్టంగానే లెక్కిస్తాను.

ఈ చరిత్రకు అసలు ఆధారాలు కంపెనీల నివేదికల్లో లేవు. ఇబ్రహీంపట్నంలో గానీ, యాచారం, మంచాల వైపు గానీ ఒకప్పుడు గేమ్ షాపు నడిపినవారు ఇది చదువుతుంటే ఒక మనవి: ఏ గేమ్‌కు ఎన్ని గంటలని రాసుకున్న పాత నోటు పుస్తకం మీ దగ్గర ఉంటే, దయచేసి దాన్ని పాత కాగితాలవాడికి వేయకండి.