కాలుమెట్ పతనం

అమెరికాలోని కెంటకీలో, లెక్సింగ్టన్ పట్టణం పక్కన సున్నపురాతి నేల. ఆ గడ్డి మేస్తే గుర్రప్పిల్లల ఎముక గట్టిపడుతుందని అక్కడివారి నమ్మకం. 1924లో బేకింగ్ పౌడర్ వ్యాపారి విలియం మన్రో రైట్ అక్కడ కాలుమెట్ ఫామ్ నెలకొల్పాడు. కొడుకు వారెన్ చేతుల్లో అది పందెపు గుర్రాలకు పుట్టినిల్లయింది. అక్కడి గుర్రాలు వర్ల్‌అవే 1941లో, సైటేషన్ 1948లో ట్రిపుల్ క్రౌన్ అనే మూడు పెద్ద పందేలూ గెలిచాయి. వాటిలో ఒకటైన కెంటకీ డెర్బీ ఎనిమిదిసార్లు ఆ ఇంటికే దక్కింది.

వారెన్ భార్య లూసిల్ 1982లో కన్నుమూసేనాటికి ఫామ్ మీద అప్పు లేదు. తర్వాత పెత్తనం మనవరాలి భర్త జె.టి. లండీది. ఆదాయానికి ఆధారం అలిడార్ అనే మగగుర్రం. దానితో దాటించడానికి ఎక్కడెక్కడినుంచో ఆడగుర్రాలను పంపేవారు. రాబోయే ఏళ్ల దాటింపు హక్కులను కూడా ముందే అమ్ముకున్నారు. ఆ సొమ్మూ చాలలేదు, అప్పులు పది కోట్ల డాలర్లు దాటాయి.

1990 నవంబరు 13 రాత్రి అలిడార్ తన కొట్టంలో కుడి వెనకకాలు విరిగి, చెమటలు కక్కుతూ, వణుకుతూ కనబడింది. డాక్టర్లు ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. 15న అది మళ్లీ పడింది, తొడ ఎముక విరిగింది. ఇక బాధ పెట్టలేక ప్రాణం తీశారు. దాని మీద 3.65 కోట్ల డాలర్ల బీమా ఉంది. అనుమానాలు ఎన్ని రేగినా, కాలు విరగ్గొట్టారని ఎవరిమీదా రుజువు కాలేదు.

1991 మే నెలలో స్ట్రైక్ ద గోల్డ్ డెర్బీ గెలిచింది. కాలుమెట్‌లో పుట్టిన అలిడార్ బిడ్డే అది, కానీ అప్పటికే పరుల సొత్తు. జులైలో ఫామ్ దివాలా తీసింది. 1992 మార్చిలో హెన్రిక్ డి క్వియాత్కోవ్‌స్కీ అనే ఆయన వేలంలో 1.7 కోట్ల డాలర్లకు కొని, ఆ భూమి ముక్కలు కాకుండా కాపాడాడు. బ్యాంకు మోసం, లంచం కేసులో 2000లో లండీ దోషిగా తేలాడు.

చివరిదాకా గడ్డి పచ్చగానే ఉంది, కంచెలు తెల్లగానే ఉన్నాయి. చెడింది యాజమాన్యం. చూడి గుర్రాన్నో, పాలు మరవని పిల్లనో పరాయి ఫామ్‌లో ఉంచబోయేవారు పచ్చిక చూసి మురిసిపోకండి. రాత్రి కొట్టం దగ్గర కాపలా ఎవరిదో, ఫామ్ మీద అప్పు ఎంతుందో అడగండి. నోరులేని జీవం తరఫున అడగాల్సింది మీరే.